కీళ్ళ డాక్టరుగారి వ్యాసం

అభినందనలూ వద్దు, ఏమీ వద్దు వదినా! నూటికి తొంభై ఆరు వచ్చాయని వీధి వీధంతా ఫోన్లు చేసి చెప్పావట. ఎవరు చెప్పమన్నారు నిన్ను? ఆ మార్కులు తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండుతోంది.

కూర్చో. అది వద్దు, ఆ ఎత్తు కుర్చీ తీసుకో, లేకపోతే మళ్ళీ లేవలేవు. చూడు, మోకాలు ఎలా వాచిపోయిందో! ఎక్స్‌రే తీయిద్దాం పదమని అన్నయ్య నాలుగు నెలలుగా మొత్తుకుంటున్నాడు. నువ్వేమో "నాకు డాక్టరుగారి వ్యాసం ఉంది" అంటావు. దాని గురించే చెప్పాలి. మధ్యలో అడ్డు రాకు, వచ్చావంటే ఉన్న కాస్త ధైర్యమూ పోతుంది.

ఇవాళ నా పాఠం ఏమిటో తెలుసా? ఇంటర్నెట్‌లో కనపడేవాటిలో ఏది నమ్మాలి, ఏది నమ్మకూడదు అని. టీచర్ ట్రైనింగ్‌లో ఆఖరి పరీక్ష అదే. ఎదురుగా ఎనిమిదో తరగతి పిల్లలు. వెనక బెంచీలో మార్కుల ఫారం పట్టుకుని మా మాస్టారు.

గోడకి చార్టు అంటించాను. రెండు రోజులు కూర్చుని రంగురంగుల పెన్నులతో రాశానే, అదే. రాసిందెవరు? ఏం చదివారు? తేదీ వేశారా? భాష శుభ్రంగా ఉందా? ఇంకో నాలుగు చోట్ల కూడా అదే మాట ఉందా? ఐదింటికీ టిక్కు పడితే నమ్మొచ్చు. నా చార్టుని చూసుకుని నాకే ముచ్చటేసిందనుకో!

ఇంట్లోవాళ్ళు నమ్మేది ఏదైనా ఒకటి ప్రింటు తీసి తెమ్మని ముందే చెప్పాను. రెండో బెంచీలో ఒక పిల్ల ఉంది, ప్రశ్న అడగందే దానికి అన్నం అరగదు. అది లేచి ఏం చదివిందనుకున్నావు? నిమ్మతొక్కలు నానబెట్టిన నీళ్ళు నలభై రోజులు తాగితే మోకాళ్ళ నొప్పి మాయం అని.

ఆఁ, నువ్వు తాగేదే.

"మా నాయనమ్మ ఇదే తాగుతుంది టీచర్, ఆసుపత్రికి రమ్మంటే రాదు. నిజమో కాదో మీ చార్టుతో చూద్దాం" అంది. చూశాం. రాసిందెవరు? కీళ్ళ డాక్టరు. టిక్కు. ముప్పై ఏళ్ళ అనుభవం. టిక్కు. తేదీ ఉంది, భాష చక్కగా ఉంది. ఇంకా ఎక్కడెక్కడుందో వెతికితే నలభై చోట్ల దొరికింది! ఒక వాక్యం పొరపాటున రెండుసార్లు పడితే, నలభై చోట్లా రెండుసార్లే ఉంది. "నమ్మొచ్చు టీచర్!" అని క్లాసంతా ఒకటే అరుపు.

నేనేం చేశానా? చప్పట్లు కొట్టించాను. మాస్టారు తల పంకిస్తూ రాసుకుంటున్నారు మరి! "అయితే నాయనమ్మ చెప్పేదే నిజమన్నమాట" అంటూ ఆ పిల్ల కూర్చుంది. దాని మొహం చూడలేకపోయాను వదినా.

మంచి టీచరంటే తన తప్పు తాను ఒప్పుకునేవాడు అని పోయిన నెల పది పేజీలు రాసిచ్చాను. దానికీ మంచి మార్కులే వేశారు.

ఏం తప్పంటావా? ఆ డాక్టరు నేనే.

నవ్వకు. నాలుగేళ్ళ కిందట, డిగ్రీ అయ్యాక ఉద్యోగం లేక ఇంట్లో కూర్చున్నప్పుడు ఒక వెబ్‌సైటుకి వ్యాసాలు రాసేదాన్ని, గుర్తుందా? రోజుకి మూడు రాయాలి. ఆ రోజు ఏమీ తోచక చేతికి దొరికిన నిమ్మకాయ మీద రాసిపారేశాను. మామూలు మనిషి రాస్తే ఎవరు చదువుతారు? అందుకని డాక్టర్ని పుట్టించాను. ముప్పై ఏళ్ళ అనుభవం అంటగట్టాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు! వ్యాసం పక్కన ఫోటోలో ఉన్నాయన మా కాలేజీ ల్యాబ్ అటెండరు. తెల్లకోటు ఉన్నది ఆయన ఒక్కడికే. "ఆ మొహంలో ఎంత హుందాతనమో" అంటూ ఉంటావే, ఆయనే!

ఇంకోటి కూడా విను. ఆ ఐదు ప్రశ్నలూ నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. జనం దేన్ని చూసి నమ్ముతారో అప్పుడే నేర్చుకున్నాను. దాన్నే ఇప్పుడు చార్టు మీద రాసి పిల్లలకి చెబుతున్నాను.

నీకు అప్పుడే ఎందుకు చెప్పలేదంటావా? నిమ్మకాయే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. నువ్వు మెట్లెక్కడం మానేశాక భయమేసింది. భయమేశాక సిగ్గేసింది. రేపు ఆ క్లాసుకెళ్ళి నిజం చెప్పాలి. చెబితే మార్కులు పోతాయి, సర్టిఫికెట్టూ ఆగిపోవచ్చు. ముందు నీ దగ్గర చెప్పి చూద్దామనుకున్నాను.

ఏమిటీ? నమ్మవా? పరీక్షల ఒత్తిడిలో ఏదేదో మాట్లాడుతున్నానా? అన్నయ్య నేర్పించి పంపాడా?... రుజువా! రుజువేం చూపించమంటావు వదినా? కింద నా పేరు లేదు. నేను చదివింది డాక్టరీ కాదు. నాలుగు చోట్ల కాదు కదా, ఒక్క చోట కూడా నా మాట లేదు. నా చార్టు పెట్టి చూసినా నన్ను నమ్మడానికి వీల్లేదు!

ఒట్టేసినా నమ్మవా? నీ ఒడిలో పెరిగినదాన్ని, నా మాట కంటే ఆ ల్యాబ్ అటెండరు మొహమే ఎక్కువైందా నీకు?

సరే, నీ ఇష్టం. ఆ ఫోనిలా ఇవ్వు. ఆ వెబ్‌సైటులో డాక్టరుగారి పాస్‌వర్డ్ ఇంకా గుర్తుంది. "నిమ్మతొక్కల నీళ్ళు వెంటనే ఆపండి, మోకాలు వాస్తే ఆ వారంలోనే ఎక్స్‌రే తీయించుకోండి. ముప్పై నాలుగేళ్ళ అనుభవంతో చెబుతున్నాను." చాలా? పొద్దున్నకల్లా మీ వాట్సాప్ గ్రూపులోకి వచ్చేస్తుంది. పదింటికి ఆటో పిలుస్తాను, తయారుగా ఉండు.