బస్సాఫీసు డిస్కూ బాబాయి చూపుడువేలూ

సాయంత్రం ఐదున్నర. పొద్దుట్నుంచీ పట్టిన వాన ఇంకా వదల్లేదు.

బస్సాఫీసులో నలుగురే ఉన్నారు. టికెట్ల గుమస్తా, పని దిగి ఇంటికెళ్ళకుండా కూర్చున్న ముసలి డ్రైవరు, బల్ల చివర ఒక తల్లి, మూత విప్పిన పాత కంప్యూటరు ముందు డిస్కు బాబాయి. పాడైన కంప్యూటరు పెట్టెలూ, సమాచారం దాచే వాటి డిస్కులూ బాగుచేస్తాడని ఆయనకా పేరు.

కొండ మీదకి వెళ్ళిన బస్సు నాలుగింటికే తిరిగి రావాలి. అందులో ఆ తల్లి భర్త, ఇద్దరు ఆడపిల్లలు. ఆయన ఫోను ఛార్జింగు లేక ఆగిపోయింది, అది రోజూ ఉన్నదే. బస్సు తోలుతున్నది ఇవాళే కొత్తగా వచ్చిన డ్రైవరు. అతని నంబరూ, ప్రయాణికుల నంబర్లూ నిన్ననే ఎక్కించారు, అవి లైనక్స్‌తో నడిచే ఈ పెట్టెలోనే ఉన్నాయి. పెట్టేమో 'ఇది బూటయ్యే డిస్కు కాదు', అంటే దీంతో నేను లేవలేను, అని నల్ల తెర మీద ఇంగ్లీషులో ఒక ముక్క రాసి ఊరుకుంది.

"కంగారు పడకమ్మా. ఒక బడిలో ఇలాంటిదే పడుకుంటే వెళ్ళి చూశాను. డిస్కు తీగ వదులైంది. నొక్కాను, లేచింది. అంతే" అన్నాడు బాబాయి.

అంతటితో ఆగితే ఆయన బాబాయి ఎందుకవుతాడు? ఆ తర్వాత ఏమైందో తెలుసా అంటూ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. ఆ సంగతి విని ఒక మిల్లువాళ్ళు పరిగెత్తుకొచ్చారట. వాళ్ళ డిస్కు టిక్కుటిక్కుమంటుంటే ఈయన చెవి ఆనించి, నాలుగు లక్షల పన్నెండో గడి చెడిందని అక్కడికక్కడే చెప్పేశాడట. సరిచేసే కమాండు ఇస్తే అది ఒక్కో తప్పుకీ 'సరిచెయ్యనా' అని అడగడం, ఈయన అవునని 'వై' నొక్కడం. మూడు రోజులు కుడిచేత్తో నొక్కుతూనే ఎడంచేత్తో గడ్డం గీసుకున్నాడట. చివరికి ఆ అక్షరం మీట మీద అరిగిపోయి, వేలి మీద అచ్చుపడిందట.

"ఏదీ, చూపించు" అన్నాడు డ్రైవరు.

"చెరిగిపోయిందిలే, ఎన్నాళ్ళ మాట. అసలు కథ ఆ వేలిదే. నీళ్ళ ఆఫీసులో డిస్కు మోటారు కాలిపోయింది, ఊరంతా బిందెలు పట్టుకుని నిలబడింది. ఏం చేశానో తెలుసా? మూత తీసి, ఈ వేలు పెట్టి తిప్పాను. నిమిషానికి ఏడువేల రెండొందల చుట్లు, ఒక్కటి తగ్గకుండా. తిప్పుతూనే అందులో ఉన్నది వేలికొసతో చదివి, రెండో చేత్తో కొత్త డిస్కులోకి ఎక్కించేశాను. ఆ గాలికి ఆఫీసు కాగితాలు పక్క వీధిలో పడ్డాయి. కుళాయిలు తిప్పితే వేణ్ణీళ్ళు. నా వేలి వేడి మరి."

అంత జోరుకి నువ్వే పైకి లేచిపోలేదా అని గుమస్తా అడిగాడు. కాలితో బల్లకాలిని మెలేసి పట్టుకున్నానన్నాడు బాబాయి. గుమస్తా, డ్రైవరూ పడీపడీ నవ్వారు.

ఆవిడ నవ్వలేదు. కూర్చోలేక లేచి, బల్ల వెనక కిటికీలోంచి రోడ్డు చూడబోయి ఆగింది.

"బాబాయి గారూ, ఇక్కడ వెనకాల పచ్చగా వెలుగుతున్నది ఏమిటి?"

బాబాయి చూపుడువేలు గాల్లోనే ఉండిపోయింది. వంగి చూశాడు. పెన్ డ్రైవు. ఆయనదే. పెట్టె నెమ్మదించిందని నిన్న చూడ్డానికొచ్చి, లేచేటప్పుడు ముందు దాన్నే వెతకమని పెట్టెకి చెప్పి, పనయ్యాక దాన్ని ఖాళీ చేసి, పీకడం మాత్రం మరిచిపోయాడు. పెట్టె పాపం పొద్దుట్నుంచీ ఆ ఖాళీ పుల్లలోనే వెతుక్కుంటోంది.

"నాదేనమ్మా. పీకెయ్యి" అన్నాడు, వినపడీ వినపడకుండా.

"ఏడువేల చుట్లు తిప్పిన వేలికి ఇది తగల్లేదా బాబాయ్" అన్నాడు గుమస్తా.

ఆవిడ పీకింది. గుమస్తా పెట్టెని ఆపి మళ్ళీ వేశాడు. తెర మీద అక్షరాలు బిలబిలా పరిగెత్తాయి. మూడు నిమిషాలకి జాబితా వచ్చింది. గుమస్తా నంబరు కలిపి, ఫోను ఆవిడకే ఇచ్చాడు. వాగు పొంగి వంతెన మీదికెక్కిందనీ, చుట్టుదారిన వస్తున్నాననీ, అందరూ బాగానే ఉన్నారనీ చెప్పాడు కొత్త డ్రైవరు.

బస్సు వచ్చేసరికి ఆవిడ వానలోనే నిలబడి ఉంది. ముందు చిన్నది దిగింది, ఒక కాలికి చెప్పు లేదు. ఒకటి. వెనకే పెద్దది. రెండు. ఆ తర్వాత ఎవరెవరో దిగారు, ఎవరెవరో దిగారు. అందరి వెనకా, చచ్చిన ఫోను చేత్తో పట్టుకుని, ఆయన.

మూడు. ఆవిడ ముగ్గురినీ తాకి మళ్ళీ మొదట్నుంచీ లెక్కపెట్టింది.