ఎడమ భుజం కొలత

మెకానిక్ కొత్త కార్బన్ ఫ్రేమును అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. దాన్ని కొని తెచ్చిన సైకిల్ పందేల అమ్మాయి పక్కనే నిలబడి ఉంది.

“ఇదేం డిజైనమ్మా? పై గొట్టం కింద ఎడమవైపు పల్లం చేశారు. పందెంలో బురద అడ్డొచ్చి దిగినప్పుడు సైకిల్‌ని అందరూ కుడి భుజానేగా మోసేది!”

“నేను ఎడమ భుజానే మోస్తాను. చిన్నప్పుడు కుడిది విరిగింది.”

“కేబుళ్లు కూడా అటు తగలకుండా తప్పించారు. మీ కొలతలిచ్చి చేయించారా?”

“లేదండీ, అందరికీ అమ్మేదే. కాకపోతే దీని డిజైన్ గీసింది మా అన్నయ్య.”

“అదీ సంగతి! ఈ పల్లం మీకోసమేనా అని ఆయన్నే అడిగితే పోయేదిగా?”

“మా మధ్య మాటల్లేక ఆరేళ్లయింది. లోకమంతా కొనే ఫ్రేముకి నా భుజం కొలత పెట్టాడు, పిచ్చి సన్నాసి.”

“సరే, వదిలి వెళ్లండి. రేపటికి చక్రాలు ఎక్కిస్తాను.”

“వెళ్తాను. ముందు ఒక్కసారి భుజానికెత్తుకోనివ్వండి.”