మద్దిలేటి బీపీ చూపించుకున్న బేస్తారం

సుంకమ్మకి కోపమొస్తే వాళ్ళింటి కుక్క గూడా అరుగు కిందికి దూరేదంట. పుట్టుకతో వచ్చిన కోపం కాదులే అది, ఆయమ్మ మంచిదే. తోడికోడలు ఉరుకుందమ్మ చచ్చిపోయినాంక వచ్చింది. ఇద్దరూ ఒకే ఇంట్లో మెట్టినోళ్ళు. సుంకమ్మ పెద్దామె, మొగుడు కౌలుట్లయ్య. ఉరుకుందమ్మ చిన్నామె, మొగుడు మద్దిలేటి, కౌలుట్లయ్య తమ్ముడు. తోడికోడండ్లంటే కొట్లాడుకుంటారంటారు గదా, వీళ్ళు అట్ల కాదు. ఒకే గిన్నెలో సంగటి కలుపుకోని తినేవాళ్ళు, టమోటా చేలోకి పోతే ఒకే సాలు పట్టేవాళ్ళు. ఒకామె నవ్వితే ఇంకొకామె ఎందుకని అడక్కుండానే నవ్వేది. అట్లాంటోళ్ళనుకో.

ఏమైందంటే, రోడ్డు మీద బస్సు నిలబడేకాడ షమీమ్ డాక్టరమ్మ ఆస్పత్రి పెట్టినాది. చిన్న ఆస్పత్రే, ఒక రూము, ఒక బల్ల, ఒక నర్సు. ముసిలోళ్ళకీ ఆయమ్మే, చంటోళ్ళకీ ఆయమ్మే. ఆయమ్మకి ఒక అలవాటుండాది, రోగమొచ్చినోళ్ళని చూసేది సరే, రానోళ్ళని గూడా రమ్మనేది. బేస్తారం బేస్తారం, గురువారమొస్తే అదే పని. బీపీ చూస్తా రాండి, చక్కెర చూస్తా రాండి, పిల్లోళ్ళకి టీకాలేస్తా రాండి, ఆడోళ్ళు గర్భసంచి మూతి చూపించుకోండి అని. మనోళ్ళు ఊరుకుంటారా? "పాము కరవకముందే మంత్రమేందమ్మా" అని నవ్వినారంట. నవ్వుతారులే, నవ్వేదానికేం, పండ్లుండాయి గదా.

తోడికోడండ్లు ఇద్దరూ పొయ్యినారు. సిగ్గుపడుకుంటా, కొంగు నోట్లో కుక్కుకోని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోని పొయ్యినారు. సుంకమ్మకి ఏం లేదనె డాక్టరమ్మ. ఉరుకుందమ్మని చూసి, ఇంకోసారి చూసి, చేతులు కడుక్కొనె. పక్కన కూర్చోబెట్టుకోని చెప్పె. "ఉరుకుందమ్మా, భయపడొద్దు. లోపల పుండు మొదలైనట్టుండాది. ముదరలా. కర్నూలు పెద్దాస్పత్రికి నేను చెప్తా, అక్కడ పరీక్ష చేసి తీసేస్తారు. ఇప్పుడు పోతే బతుకుతావు. నొప్పొచ్చేదాకా మాత్రం ఆగొద్దు."

ఇంటికొచ్చి చెప్తే మద్దిలేటి ఏమన్నాడంటే... తల్చుకుంటే నాకు ఇప్పుడు గూడా కడుపు మండుతాది. "నొప్పుండాదా?" అనె. లేదనె. అన్నం తింటాండావా? తింటాండా. చేలో పని చేస్తాండావా? చేస్తాండా. "మరింకేం రోగమే నీకు? ఎవురో చూస్తామంటే గుడ్డ తీసి చూపించుకోని వస్తావా, సిగ్గుండాదా?" అని. కౌలుట్లయ్య అన్న గదా, వానికి బుద్ధి చెప్పల్ల గదా, ఆయప్ప బీడీ ముట్టించుకోని, వాని పెండ్లాము వాని ఇష్టము, మనకెందుకు అని సుంకమ్మనే గదమాయించె. డాక్టరమ్మ ఊరుకోలే పాపం, తానే ఇంటికొచ్చె. గడపలో నిలబడి చెప్పె. మద్దిలేటి మంచం మీదనుంచి లెయ్యకుండానే, "మా ఇంట్లో చావులేం లేవు, పో" అనె. ఇంటికొచ్చిన మనిషికి మంచినీళ్ళు గూడా ఇయ్యనీలే. ఇట్ల కాదని సుంకమ్మ ఒకరోజు చిన్నామెని కర్నూలు బస్సెక్కించుకోని బయల్దేరితే, వాడు బండేసుకోని వెంటబడి, ముందరూర్లో బస్సు నిలబెట్టి, పెండ్లాన్ని జుట్టు పట్టుకోని దించె. బస్సు నిండా జనం. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఏమప్పా అనలే.

కాలం ఆగుతాదా? ఏండ్లు గడిచె. నెత్తురుపోయే ఎర్రబట్ట మొదలాయె, నడుము నొప్పి మొదలాయె. అప్పుడు గూడా వాడు తాయెత్తు కట్టించె, యాపాకు రసం తాగించె. తీరా మనిషి మంచం దిగలేని కాడికొచ్చినాంక కర్నూలుకి ఎత్తుకపోతే, ఇప్పుడా తెచ్చేది అన్నారంట. మళ్ళా ఇంటికే తెచ్చుకున్యారు. సుంకమ్మే బట్టలు మార్చె, సుంకమ్మే ఉతికె. కడాన ఉరుకుందమ్మ ఏమనిందంటే, "అక్కా, ఆ పొద్దు బస్సు ఇంకా రోంత తొందరగా పొయ్యింటే బాగుండు గదా" అనిందంట. అంతే. దినాలు చేసిరి. పెద్దమనుషులు కూర్చోని తిని, చెయ్యి కడుక్కోని, దేవుడు అంతే రాసినాడు అనిరి. సుంకమ్మ వాళ్ళ ఎంగిలాకులు ఎత్తి పారేసె. లోపల్లోపలే ఉడుకుతాండె.

ఇంక వినండి. ఒక బేస్తారం సుంకమ్మ మనవరాలికి టీకా ఏయించేదానికి డాక్టరమ్మ కాడికి పొయ్యె. పోతే బల్ల మీద ఎవురుండారు? మద్దిలేటి! చొక్కా చెయ్యి పైకి మడుచుకోని, బీపీ పట్టీ కట్టించుకోని, బడిపిల్లోని మాదిరి కూర్చోనుండాడు. "ఏమైందిరా నీకు?" అనె. "ఏంలే వదినా, బాగనే ఉండా. పక్కూర్లో ఎవురో ఉన్నట్టుండి పడి చచ్చిపొయ్యినాడంట. ఊరికే ఒకసారి చూపించుకుందామని." "నొప్పుండాదా?" "లేదు వదినా."

ఇంక చూడు. "నొప్పి లేకుండానే వచ్చినావా! నీదే పానము, దానిది పానం కాదా? నువ్వు చెయ్యి చాపితే తెలివి, అది చూపించుకుంటే సిగ్గులేనితనమా? జుట్టు పట్టుకోని దించినావు గదరా! ఈపొద్దు నిన్నెవురన్నా దించినారా?" అని వాని చేతికున్న పట్టీ పీకి నేలకేసి కొట్టె. చంటిబిడ్డ ఏడ్చె. డాక్టరమ్మ మీదికి గూడా తిరిగె. "నువ్వెందుకమ్మా వీన్ని చూస్తాండావు? నిన్ను గడపలోనుంచి పొమ్మన్యాడు గదా! సావనీ." డాక్టరమ్మ వంగి పట్టీ తీసుకోని దులిపె. "సుంకమ్మా, నాకూ మండుతాంది. అయినా చూడల్ల. మనిషిని చూసి వద్దనేది నేను గూడా నేర్చుకుంటే, ఇంక ఈ తలుపు తీసేదెందుకు?" అని మళ్ళా పట్టీ కట్టె. బీపీ బాగా ఎక్కువుండాదంట. మాత్రలిచ్చె.

సుంకమ్మ ఆడనుంచి ఇంటికి పోలే. వీధి వీధి తిరిగె. "ఏమే, బయటికి రా. కొంగు సర్దుకో, ఆస్పత్రికి పా." అడ్డమొచ్చిన మొగోళ్ళని ఒకటే అడిగె, "నీ పెండ్లాము దినాలకి ఏం వండిస్తావో ఇప్పుడే చెప్పు" అని. ఒకడు చెయ్యెత్తినాడంట, సుంకమ్మ చెప్పు తీసినాది, వాడు చెయ్యి దించినాడు. కౌలుట్లయ్య ఉరుక్కుంటా వచ్చి, ఇంటి పరువు తీస్తాండావు అనె. "ఆ పొద్దు నువ్వొక మాట అనింటే అది బతికుండేది. నీతో నాకు మాటల్లేవు" అనె. అదే కడమాట. ఇప్పటికీ ఆయప్పకి సంగటి పెడతాది గానీ మాట్లాడదు. ఊర్లో సగం మంది ఆడోళ్ళు పొయ్యినారు, సగం మంది పోలే. పొయ్యినోళ్ళలో సాలమ్మకి అట్లాంటి పుండే దొరికినాది, కర్నూల్లో తీసేసినారు. అదో, ఆ కొట్టం కాడ చెనిక్కాయలు వొలుస్తాంది, చూడండి.

మద్దిలేటి ఏమాయె అంటారా? బాగనే ఉండాడు. పొద్దున లేస్తానే మాత్ర మింగుతాడు, ఒక్కపూట మర్చిపోడు. ఇంకో పెండ్లి గూడా చేసుకున్యాడు. దేవుడు వానికి బుద్ధి చెప్పినాడని చెప్తాననుకుంటిరేమో, చెప్పను, అట్ల జరగలా. కొత్తామె ఇంటికొచ్చిన వారమే సుంకమ్మ చెయ్యి పట్టుకోని ఆస్పత్రికి తీసకపొయ్యె, వాడు నోరెత్తలే, జరిగింది అంతే. నేను చెప్పేది ఐపోయినాది. ఏమప్పా, మూలన కూర్చోని చెవి గోక్కుంటాండావే, నిన్నే అడిగేది. మీ ఇంట్లో ఆయమ్మ ఆస్పత్రికి పొయ్యిందా? తల వంచుకుంటావేంది? రేపు బేస్తారమే.