గాలాడని పెట్టె

టోక్యోలో పాత కార్టూన్ సినిమాలకు చేత్తో వేసిన బొమ్మలు కొనే చిన్న కొట్టు. ఒక ముసలావిడ టేపు చుట్టిన పెట్టెను బల్ల మీద పెట్టింది. కొట్టు యజమాని మూత తీసి, ముక్కు మూసుకున్నాడు.

"వెనిగర్ కంపు కొడుతోందేంటమ్మా! ఎప్పుడు మూశారు దీన్ని?"

"మా అమ్మాయి చిగుసా పోయిన రోజు. దుమ్ము పడకూడదని మా ఆయనే టేపు చుట్టేశారు."

"గాలాడకపోతే బొమ్మలు వేసిన ఈ ప్లాస్టిక్ షీట్లు ఇలాగే కుళ్ళి కంపు కొడతాయమ్మా. చూడండి, వెనకవైపు వేసిన రంగు కింది కాగితానికి అతుక్కుపోయింది."

"కాగితం మీద పెన్సిల్ గీత ఆయనది. రంగు చిగుసాది. ఇద్దరూ ఒకే స్టూడియోలో చేసేవాళ్ళు."

"విడదీస్తే బొమ్మ మొహమే ఊడొస్తుంది. నేను కొనలేనమ్మా."

"అమ్మడానికి తేలేదు బాబూ. నా చేత్తో విప్పే ధైర్యం లేక తెచ్చాను."

"అమ్మాయికి ఏమైంది?"

"నిద్ర లేకుండా రంగులు వేసీ వేసీ స్టూడియోలో తన బల్ల మీదే పోయింది. ఇంకొక్క కట్ట షీట్లు పూర్తి చెయ్యమని కూర్చోబెట్టింది మా ఆయనే. ఆ తర్వాత ఇంట్లో దాని పేరెత్తనివ్వలేదు."

"...మూత పెట్టేయనా అమ్మా?"

"వద్దు బాబూ. కంపు కొడితే కొట్టనీ. ఇన్నేళ్ళూ మూసే ఉంచాం."