బుట్ట మారిన శీలావతి

(ఏలూరు. ఐసు ఫ్యాక్టరీ ఆఫీసు గది. 2008 మే. మాట్లాడుకుంటున్నది ఫ్యాక్టరీ ఓనరు, కొల్లేరు చేపల వ్యాపారి, ‘కొల్లేరు కింగ్స్’ ఫుట్‌బాల్ జట్టు ప్రెసిడెంటు అచ్యుతరావు. ఆ జట్టు కోచ్ హబీబ్.)

“...ఇమ్మానుయేలు కాలు విరగలేదండి, బెణికింది. మూడు వారాలు కాలు కింద పెట్టొద్దన్నారు డాక్టరు గారు.”

“పెట్టకపోతే పోనీ హబీబ్ గారూ. కాలు కింద పెట్టకుండానే గ్రౌండులో ఉంచలేమా? కుర్చీ వేద్దాం. గొడుగు పడదాం.”

“అది ఫుట్‌బాల్ అండి.”

“అవుననుకోండి. కానీ ఆదివారం తాడేపల్లిగూడెంలో ఫైనలు! ఆ ఉల్లిపాయల మార్కెట్టు వాళ్ళ టీములో ఇద్దరు ఫారినర్లు. మనకున్నది ఒకే ఒక్క ఇమ్మానుయేలు. అతనూ మంచం ఎక్కితే నా మొహం ఎక్కడ పెట్టుకోను? ఉల్లిపాయల అప్పారావు ఎదురుగా నిలబడితే, కోయకుండానే నాకు కళ్ళంట నీళ్ళు!”

“ఇమ్మానుయేలు ఉన్నా పెద్ద తేడా లేదండి.”

“అదేం మాటండీ! టాంజానియా నుంచి వచ్చాడు కుర్రాడు!”

“భీమవరం నుంచి వచ్చాడండి. అక్కడ ఇంజనీరింగు చదువుతున్నాడు. పాపం, మొదటి రోజే చెప్పాడు, నాది వాలీబాల్ సార్, ఫుట్‌బాల్ ఎప్పుడూ ఆడలేదు అని. మీరే వినలేదు.”

“వినయం అనుకున్నానండీ! ఫారిన్ వాళ్ళకి వినయం ఎక్కువ.”

“మ్యాచికి ఇరవై వేలిచ్చాం. మొత్తం మీద ఒక్క గోలు వేశాడు.”

“చూశారా మరి!”

“మనకే వేశాడండి.”

“అయితేనేం! జనం లేచి నిలబడిపోయారు!”

“అందుకే నేను చెప్పేదేంటంటే... మన అయాజ్ ఊళ్ళోనే ఉన్నాడండి.”

“ఏ అయాజ్?”

“మా అక్క బద్రున్నీసా కొడుకు. తంగెళ్ళమూడి. రెండేళ్ళ కిందట మన తరఫున తొమ్మిది గోల్సు వేశాడు కదండీ.”

“ఆఁ, ఆఁ, ఆ తివాచీలు నేసేవాళ్ళబ్బాయి. భలే ఆడతాడు. రమ్మనండి. రెండు వేలు, ఒక జెర్సీ.”

“ఇమ్మానుయేలుకి ఇచ్చిందాంట్లో సగమైనా...”

“పదివేలా! తంగెళ్ళమూడి వాడికా! ప్రాక్టీసుకి సైకిలు మీద వచ్చేవాడండీ అతను!”

“ఎలా వస్తే ఏమండీ, వచ్చి గోలు వేస్తాడు కదా.”

“మీకు గోలు కావాలి, నాకు గోల కావాలి! పోస్టరు మీద ‘ఫారిన్’ అని కనపడిందా, అత్తిలి నుంచి, నల్లజర్ల నుంచి ట్రాక్టర్లు కట్టించుకుని వస్తారు. ‘అయాజ్’ అని వేస్తే ఎవరొస్తారు? వాళ్ళమ్మ వస్తుంది. ఆవిడకీ ఫ్రీ పాసు ఇవ్వాలి. మీవాడి దగ్గరున్నది ఒట్టి పాసు హబీబ్ గారూ, వాళ్ళ దగ్గరున్నది పాస్‌పోర్టు! జాతీయత, జాతీయత అంటారే, మన ఆటలో దాన్ని జీతీయత అనాలి.”

“అచ్యుతరావు గారూ, నవ్వకుండా ఒక్క మాట వినండి. మా అక్క చెప్పి పంపింది. అయాజ్ మంగళవారం మళ్ళీ పనికి వెళ్ళిపోతానంటున్నాడు. ఇక్కడ ఇమ్మానుయేలులో సగం ఇస్తే చాలు, ఉండిపోతాడు. వాడికి ఆట నేర్పింది నేను. మా అక్కకి ఉన్నది వాడొక్కడు. వాడు ఉండటమో పోవటమో మీ నోటి మాట మీద ఉందండి.”

“ఇంతకీ ఎక్కడికండీ పోవటం? పెదవేగి పామాయిల్ తోటల్లో ట్రాక్టరు తోలుతున్నాడా?”

“ఇంకొంచెం దూరమండి.”

“హైదరాబాదా?”

“ఇంకొంచెం...”

“ఆగండాగండి, ఫోను. కలకత్తా నుంచి, మావాడు. హలో! చెప్పు వీరాస్వామీ... ఎంత? మళ్ళీ తగ్గించారా! ఆంధ్రా సరుకని చెప్పొద్దన్నానా నీకు!... సరే, రేపటి లోడుకి నేను చెప్పినట్టు చెయ్యి. ఆఁ, అన్నీ! మొత్తం అన్నీ! ఉంటా... చూశారా హబీబ్ గారూ, ఘోరం!”

“ఏమైందండి?”

“మన శీలావతి చేప కిలో యాభై అట. వాళ్ళ ఊరి చెరువుల్లో శీలావతి డెబ్బై అట! ఆంధ్రా చేపంటే అంత లోకువ! కొల్లేటి శీలావతి శీలాన్ని శంకిస్తున్నారండీ! అసలు పిల్ల ఎక్కడిది? ఆ బెంగాల్ నుంచి తెచ్చిన సీడే కదా! వాళ్ళ ఊళ్ళో పుట్టిన పిల్ల, మన నీళ్ళలో పెరిగిందని చులకన! అవే మొప్పలు, అదే తోక, ముల్లు కూడా తేడా లేదు. ఏ ఊరి నీళ్ళు తాగిందో చూసి ధర కడతారాండీ ఎక్కడైనా? వాళ్ళు తినేది చేపనా, ఊరినా?”

“నిజమేనండి. ఏ ఊరని చూసి ధర కట్టడం అన్యాయం.”

“అన్యాయమా! అమానుషం! ఛ, చేపకి అమానుషం ఏంటి... అమత్స్యం!”

“అయాజ్ సంగతి కూడా సరిగ్గా...”

“చేపల మాట మాట్లాడుతుంటే మధ్యలో ఆటలెందుకండీ! వినండి. నేనూరుకున్నానా? ఉపాయం పెట్టా. కలకత్తా బయట వీరాస్వామి చేత ఒక షెడ్డు అద్దెకి తీయించా. మన లారీ అక్కడ ఆగుతుంది. థర్మాకోల్ పెట్టెల్లోంచి చేపలు తీసి, వాళ్ళ వెదురు బుట్టల్లో సర్ది, పైన నాలుగు గుర్రపుడెక్క ఆకులు కప్పుతాడు. అంతే! బజారుకెళ్ళేసరికి బెంగాలీ చేప! కొన్ని పంపి చూస్తే డెబ్బై పెట్టి కళ్ళకద్దుకుని కొన్నారు. రేపటి లోడు మొత్తం అంతే!”

“బుట్ట మార్చారంతే.”

“బుట్ట మార్చానంతే! చేప మారక్కర్లేదు హబీబ్ గారూ. బుట్ట మారాలి.”

“అచ్యుతరావు గారూ... నాకు తెలిసిన ఫారిన్ ప్లేయరు ఒకడున్నాడండి.”

“హవ్వ! ఇంతసేపూ చెప్పరేంటండీ! ఏ దేశం?”

“మాల్దీవుల్లో క్లబ్బుకి ఆడతాడు. ఫార్వర్డు. సెలవులకి ఇటొచ్చాడు. ఆదివారం ఖాళీయే.”

“మాల్దీవులా! అటు సముద్రం, ఇటు సముద్రం, మధ్యలో బంతి! ఎంత తీసుకుంటాడు?”

“అడగలేదండి. ఓ పదివేలిస్తే...”

“పదివేలా! పరువు తీస్తారా! ఫారిన్ వాణ్ణి పదివేలకి రమ్మంటే మన జిల్లా గురించి ఏమనుకుంటాడు? ఇరవై ఐదు! హోటల్లో ఏసీ రూము!”

“రూము అక్కర్లేదండి. తెలిసినవాళ్ళింట్లో దిగాడు.”

“చూశారా వినయం! తిండి సంగతి?”

“ఏం పెట్టినా తింటాడండి. గోంగూరంటే ప్రాణం.”

“గోంగూరా! మాల్దీవుల్లో దొరుకుతుందా?”

“దొరకదండి. అదే బాధ.”

“పెట్టిద్దాం, మా ఆవిడ సుగుణ చేత పెట్టిద్దాం! ఉండండి, ముందు గూడేనికి ఫోను కొట్టాలి... అప్పారావు గారూ, నమస్కారమండీ, అచ్యుతరావుని. మా ఇమ్మానుయేలుకి రెస్టిచ్చామండీ. ఆదివారం మాల్దీవుల స్టారు దిగుతున్నాడు... ఆఁ, ఇంటర్నేషనల్! మీ ఇద్దరికీ మావాడొక్కడు చాలు. ఆటోకి మైకు కట్టించి ఊరంతా చెప్పించండి. ఖర్చు నాది! ఉంటానండీ... అయిపోయింది హబీబ్ గారూ, ఈపాటికి ఉల్లిపాయ పొరలు ఊడుతుంటాయి. ఇదిగో ఇరవై ఐదు, మొత్తం ఇప్పుడే ఇస్తున్నా. బ్యానరు రాయించాలి. పేరు చెప్పండి.”

“అయాజ్ అండి.”

“అయాజ్! పొట్టిగా బాగుంది, మనవాళ్ళకీ నోరు తిరుగుతుంది. మన తంగెళ్ళమూడిలోనూ ఓ అయాజ్... హబీబ్ గారూ.”

“అండి.”

“అటు కిటికీలోకి కాదు, ఇటు చూడండి. ఏ అయాజ్?”

“మా అక్క బద్రున్నీసా కొడుకండి.”

“తంగెళ్ళమూడి!”

“ఏడాదిన్నర బట్టీ మాల్దీవుల్లో ఆడుతున్నాడండి. నేను అబద్ధమేం చెప్పలేదు. అక్కడ వాడు ఫారినరే.”

“రెండు వేల కుర్రాడికి ఇరవై ఐదు వేలా! ఇటివ్వండి ఆ డబ్బు!”

“ఇస్తానండి. అప్పారావు గారికి మాత్రం మీరే చెప్పుకోండి.”

“మైకు... బయల్దేరుంటుందంటారా?”

“బయల్దేరే ఉంటుందండి. ఖర్చు మీదన్నారు కదా.”

“మోసమండీ ఇది! పట్టపగలు మోసం!”

“చేప మారలేదండి. బుట్ట మారింది.”

“ఎంత మాటన్నారండీ... నా బుట్ట తెచ్చి నా నెత్తినే బోర్లించారు!”

“తప్పయితే క్షమించండి.”

“తప్పు కాదు, గోలు! నిఖార్సైన గోలు! ఉంచండి, డబ్బు మీ దగ్గరే ఉంచండి. ఈ ఒక్క మ్యాచికే కాదు, ఇక నుంచి ప్రతి మ్యాచికీ ఇంతే. మంగళవారం ఎక్కడికీ వెళ్ళొద్దని చెప్పండి. మీ అక్కగారికి అచ్యుతరావు మాటిచ్చాడని చెప్పండి.”

“నిజంగానా అండి? మా అక్క వింటే... ఏమనాలో తెలీటం లేదండి నాకు.”

“మన శీలావతిని మనమే లోకువ చేస్తే ఎలాగండీ! అవునుగానీ, అక్కడ బోలెడు ఇస్తారు కదా, ఎందుకు వదిలేసి వస్తానంటున్నాడు? ఒక్క గోంగూర కోసమేనా?”

“మొదట్లో బాగానే చూశారండి. పోయిన సీజనుకి ఒక బ్రెజిల్ కుర్రాణ్ణి తెచ్చారు. గోల్సు మనవాడే ఎక్కువ వేశాడు. జీతం మాత్రం అతనికి మూడింతలు. ఇదేంటని అడిగితే, నువ్వు పక్కనున్న ఇండియా వాడివే కదా, విమానం ఎక్కితే గంటలో వచ్చి పడతావు, నీకెందుకంత అన్నారట.”

“దుర్మార్గులు! దగ్గర్నుంచి వస్తే కాలికి విలువుండదా! ఎంత అవమానమండీ!”

“అక్కడేనండి వాడి మనసు విరిగింది. ఆ బ్రెజిల్ కుర్రాడు మాత్రం బంగారమండి. నాకెందుకు ఎక్కువ అని అతనే గొడవ పడ్డాడట. ఇద్దరికీ ప్రాణస్నేహం. కొల్లేరు చూస్తానంటే వెంటపెట్టుకుని వచ్చా... అదేనండి, మంచి కుర్రాడు. నే వెళ్ళొస్తానండి.”

“వెంటపెట్టుకుని వచ్చాడా?”

“మా అక్క ఎదురుచూస్తుంటుందండి, అచ్యుతరావు గారూ. వాడు ఉంటున్నాడని చెప్పాలి.”

“చెబుదురుగాని, కూర్చోండి. ఆ డబ్బు ఒకసారి ఇలా బల్ల మీద పెట్టండి... ఆ బ్రెజిల్ కుర్రాడు ఆదివారం ఖాళీయేనా?”