ఎర్ర దారం కట్టిన గిన్నె

మక్తల్ పక్కన ఒక పల్లె. శోభ ఇంటి ముందు, చేతిలో రిపోర్టులతో ఆశా కార్యకర్త పుష్ప.

“నాకు ఒక్కటే భయం పుష్పక్కా. నా రిత్విక్ నా చేతులల్లనే పోతడేమోనని. ఇంకేదొచ్చినా తట్టుకుంట.”

“పోడు శోభా. కడుపుల బ్యాక్టీరియా, గంతే. డాక్టర్ సారు చెప్పిండు గద, మన దిక్కు సగం మంది పిల్లలకు ఉంటదట. రెండు వారాలు మందులు తాగితే పోతది.”

“ఎవలకన్న ఉండనీ. నా కొడుక్కెందుకు రావాలె? మా అత్తనే అంటిచ్చింది. జొన్నరొట్టె తన నోట్ల నమిలి వాని నోట్ల పెట్టేది. మూడేండ్ల సంది!”

“నిన్ను మీ అవ్వ గట్ల సాకలేదా?”

“నేను తొమ్మిది దాంక చదివిన అక్కా. నోటి నుంచి నోటికి పోతదని సారు నాతోనే అన్నడు. అందుకే అత్త గిన్నెకు ఎర్ర దారం కట్టిన. నీళ్ల నల్ల కాడ అందరికి చెప్పిన, మా అత్త బీరమ్మ నోట్ల పురుగున్నదని.”

“ఓహో, గందుకేనా ఆమెను బిందె ముట్టనిస్తలేరు?”

“ముట్టనియ్యొద్దు మరి.”

“ఇప్పుడేది బీరమ్మవ్వ?”

“ఉన్నది.”

“ఏడ?”

“గుట్ట కింద గొర్ల దొడ్డి కాడ. మా ఆయన మందతోని పోయిండు, దొడ్డి ఖాళీగనే ఉన్నది.”

“ఒక్కతేనా? గీ వానలల్ల? గట్లయితే సగం ఊరిని గుట్ట కిందికి తోలాలె నువ్వు!”

“వానకు కప్పుకోను తాటిపత్రి ఇచ్చిన. దినాం ఆ గిన్నెల రొట్టె వేసి దొడ్డి గోడ మీద పెట్టి వస్త.”

“పిలగాడు?”

“అవ్వ, అవ్వ అని ఏడుస్తడు. నేను పెడితే ఉమ్ముతడు. చెంప మీద రెండు ఏస్త, అప్పుడు మింగుతడు. గదంత పక్కన వెట్టు. రిపోర్టు సదువు జర. ఆమె వల్లనే అని ఫోన్ల చెప్తే మా ఆయన నమ్ముతలేడు. వచ్చినంక కాయితం సూపిస్తే నోరు మూస్తడు.”

“ముగ్గురివి వచ్చినయి.”

“నాది సారు అడిగిండని ఇచ్చిన. అత్తది సదువు.”

“బీరమ్మ. ఏం లేదు.”

“ఏం లేదంటే?”

“బ్యాక్టీరియా లేదు. రిత్విక్‌కు ఉన్నది. నీకున్నది. చెంచా నోట్ల వెట్టుకొని, వేడి చూసి, గదే చెంచాతోని వానికి పెడుతవు గద?”

“…తప్పు రాసిన్రు.”

“శోభా.”

“పేర్లు మారినయేమో! ముసలోళ్లకే ఉండాలె గద!”

“మారలె. ఆ దారం విప్పి నీ గిన్నెకు కట్టుకుంటవా మరి? పో, ముందుగాల అవ్వను తోలుకొని రా.”

“నిన్నటి రొట్టె గిన్నెలనే ఉన్నది అక్కా.”

“ఏందీ?”

“మొన్నటిది గూడ. అలిగిందనుకున్న. లోపలికి తొంగి చూడలె. జర నువ్వే పోయి చూసి రా అక్కా. బతికుంటే… రిపోర్టు ముచ్చట మాత్రం చెప్పకు.”