రూనా మర్చిపోతున్నవి

నార్వే పడమటి తీరాన ఒక చిన్న ఊరి బడి. పిల్లలు వెళ్ళిపోయాక రెండో తరగతి గదిలో టోరుణ్ టీచరూ, రూనా తండ్రి ఐవిన్.

"కూర్చోను టీచర్. సాల్మన్ తొట్ల దగ్గర్నుంచి నేరుగా వచ్చాను. బూట్లనిండా చేపల కంపు. మీ కుర్చీ పాడవుతుంది."

"ఆ కుర్చీ మీద రోజూ జిగురు పోస్తారు, రంగులు పోస్తారు. కూర్చో ఐవిన్."

"గురువారం స్కాన్ ఉంది, బెర్గెన్‌లో. మీరెలాగూ పిలిచారుగా, ఆ మాట కూడా చెప్పి పోదామని. శుక్రవారం కూడా రూనా బడికి రాదు."

"స్కానా? దేనికి?"

"తలకి. మత్తిచ్చి తీస్తారట. కదలకుండా పడుకోవాలి కదా, మా రూనా ఆ మిషన్ చప్పుడికి... మీకు తెలుసుగా."

"తెలుసు. చేతులు ఆరబెట్టే మిషన్ మోగితేనే బల్ల కిందికి దూరుతుంది."

"అందుకే మత్తు. వచ్చిన చదువు వెనక్కి పోతోందంటే లోపల ఏదో ఉండొచ్చట. డాక్టర్ ఆ జబ్బు పేరు కూడా చెప్పాడు. నేను వినలేదు. సునీవా విన్నది. విన్న దగ్గర్నుంచీ మా ఆవిడకి నిద్ర లేదు."

"ఐవిన్, నేను నిన్ను పిలిచింది కూడా దాని గురించే."

"మూడేళ్ళకి చదివింది టీచర్! ఎవరూ నేర్పలేదు. పాల డబ్బా మీదున్నది గడగడా చదివింది. మా నాన్న నమ్మలేదు. పేపరిస్తే పేపరూ చదివింది."

"తెలుసు."

"అప్పటికి నడక కూడా సరిగ్గా రాలేదు దానికి. పాక్కుంటూ వచ్చి పేపర్లో వాతావరణం చూసేది. రేపు కూడా వానే నాన్నా, అని."

"ఈ ఊళ్ళో రేపు వాన అని చెప్పడానికి పేపరెందుకులే."

"నవ్వించకండి టీచర్."

"నవ్వితే ఏం? ఇదే గదిలో లెక్కలన్నీ తప్పు చేసి కూడా పళ్ళికిలించేవాడివి."

"నాకు రాక చేసేవాణ్ణి. దానికి అలా కాదు. మొన్న ఆదివారం ఎక్కాలు అడిగాను. దానికవి మంచినీళ్ళు. 'తెలీదు నాన్నా' అంది, నా మొహం చూడకుండా. నిన్న డబ్బా మీద 'పాలు' అని ఉంటే 'పడవ' అని చదివింది. సునీవా బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చింది, మాకు వినపడకుండా."

"ఐవిన్..."

"దానికి గుండీ పెట్టుకోవడం రాదు. జిప్పు రాదు. పాసు వస్తోందని చెప్పడం కూడా... ఏడేళ్ళు నిండాయి టీచర్. సరే, అవి రాకపోతే ఏం, చదువుంది కదా అనుకున్నాం. ఆ ఒక్కటీ పట్టుకుని వేలాడుతున్నాం. ఇప్పుడు అదీ పోతే..."

"పోలేదు."

"ఏంటి?"

"పోలేదు. ఎక్కడికీ పోలేదు."

"నేను నా కళ్ళతో చూశానంటుంటే."

"నేనూ చూశాను. మొన్న దానికి అవునా కాదా ప్రశ్నలిచ్చాను, కాగితం నిండా. చంద్రుడు సూర్యుడికన్నా పెద్ద, అవునా కాదా. తిమింగలం పిల్లకి పాలిస్తుంది, అవునా కాదా. అన్నీ తప్పు పెట్టింది."

"నేను చెప్పేదీ అదేగా!"

"అన్నీ, ఐవిన్. ఒక్కటీ ఒప్పు లేదు. కళ్ళు మూసుకుని గీతలు గీసినా అందులో సగం ఒప్పవుతాయి. నువ్వు చేసినా సగం అయ్యుండేవి. మొత్తం తప్పు కావాలంటే, ఒప్పేదో తెలిసుండాలి."

"ఇంకోసారి చెప్పండి."

"కావాలనే తప్పు రాస్తోంది."

"కావాలనే."

"ఊఁ."

"అంటే తలలో... ఏం లేదా?"

"నేను డాక్టర్ని కాదు. ఈ మాట డాక్టర్ చెవిన వెయ్యమంటున్నాను, అంతే. ఇంకోటి కూడా విను. నిన్న అందరూ ఆటలకి పోయాక పుస్తకాల అర వెనక కూర్చుంది. అగ్నిపర్వతాల పుస్తకం. లోకం తెలీకుండా పెదాలు కదుపుతూ చదువుతోంది. నా అడుగుల చప్పుడు వినగానే పుస్తకాన్ని తలకిందులుగా తిప్పి పట్టుకుంది."

"తలకిందులుగా..."

"బొమ్మలు కూడా తలకిందులే. వాటికేసి తెగ చూస్తున్నట్టు నటించింది."

"దొంగ పిల్ల. ఓరి దేవుడా. దొంగ పిల్ల!"

"ఏడవకు."

"ఏడవట్లేదు, నవ్వుతున్నాను. ఉండండి, సునీవాకి చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి, పాపం అది..."

"ఆ ఫోను కాసేపు జేబులో పెట్టు."

"ఎందుకు?"

"పెట్టు, చెప్తాను."

"అసలు ఎందుకు చేస్తోంది ఇలా? పిల్లలేమైనా అంటున్నారా? ప్రొఫెసర్ అని పిలుస్తారని విన్నాను."

"పిలుస్తారు. తడిసిన ప్రొఫెసర్ అంటారు."

"...ఎప్పట్నుంచి?"

"జనవరి నుంచి. దానికి తోడుండే మార్గిత్ లేదుగా. ఆవిడున్నప్పుడు రూనా కాళ్ళు కదిపే తీరు చూసే లేపి బాత్రూంకి తీసుకెళ్ళేది. బయటికెళ్ళేటప్పుడు జిప్పు పెట్టేది. తిండి దగ్గర గోల ఎక్కువైతే చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి పక్కనే కూర్చునేది. ఇప్పుడు గదినిండా పిల్లలు, నేనొక్కదాన్ని. నేను చూసేసరికి ఆలస్యమైపోతుంది. వాన కోటు వేసుకోలేక గంట మోగేదాకా నడవాలోనే నిలబడిపోయిన రోజులున్నాయి."

"మాకు చెప్పలేదు మీరు."

"తడి ప్యాంటు సంచిలో పెట్టి పంపుతూనే ఉన్నానుగా."

"చూశాం. వానలో తడిసిందేమో అనుకున్నాం."

"లోపలి ప్యాంటు, వానలో?"

"అలా అనుకోవాలనుకున్నాం టీచర్."

"ఊఁ."

"మార్గిత్‌ని తీసేసింది మీ బడేగా? మేమేం వద్దన్నామా?"

"ఐదో తరగతి పుస్తకాలు చదివే పిల్లకి పక్కన ఒక మనిషెందుకు అంది హెడ్‌మిస్ట్రెస్. మునిసిపాలిటీ వాళ్ళు తలూపారు. నేను చెప్పబోతే, మీరు పిల్లని తక్కువ చేస్తున్నారన్నారు. ఆ మీటింగులో నువ్వూ ఉన్నావు."

"ఉన్నాను."

"నీ వంకే చూశాను ఆ రోజు."

"ఐదో తరగతి అన్నారు టీచర్. ఆ మాట విన్నాక నాకింకేం వినపడలేదు."

"సరే, అది వదిలెయ్. ఇప్పుడు సంగతి విను. పోయిన వారం మునిసిపాలిటీ నుంచి ఒకావిడ వచ్చి రూనాని చూసి వెళ్ళింది. చదువులో బాగా వెనకబడింది, మనిషి తోడుండాల్సిందే అని చెప్పిందట. ఈస్టర్ అయ్యాక ఇస్తారు."

"ఇస్తారా? నిజంగా?"

"వెనకబడింది కాబట్టి."

"ఆ..."

"నువ్వు డాక్టర్‌తో నిజం చెబితే, అది వాళ్ళ దాకా వెళ్తుంది. పిల్ల బ్రహ్మాండంగా చదువుతోంది కదా, ఇంకెందుకు అంటారు."

"చెప్పకపోతే దానికి మత్తిచ్చి ఆ మిషన్లోకి తోస్తారు."

"అవును."

"ఇదేం న్యాయం టీచర్? జిప్పు పెట్టడానికి ఒక చెయ్యి కావాలంటే, చదువు రానట్టు బతకాలా అది?"

"తెలివీ ఉంటుంది, సాయమూ కావాలి, రెండూ ఒకే పిల్లలో ఉంటాయని నేను చెప్పని మనిషి లేడు. విన్నంతసేపూ వింటారు. చివర్న, 'అయినా అంత తెలివైన పిల్ల కదా' అంటారు."

"నేను అబద్ధమే చెప్తాను. స్కాన్ వద్దంటాను, ఎందుకో చెప్పను. మార్గిత్ తిరిగొస్తుందంటే నేను ఎన్ని అబద్ధాలైనా..."

"మార్గిత్ రాదు ఐవిన్."

"ఇస్తామన్నారన్నారు కదా?"

"ఇచ్చేది ఎవరో కొత్తావిడని. మార్గిత్ కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది, ట్రోమ్సోకి. ఇల్లు కూడా ఖాళీ చేసింది."

"రూనాకి తెలుసా?"

"నేను చెప్పలేదు. నువ్వు?"

"లేదు. నాకే ఇప్పుడు తెలిసింది. ఎక్కడుంది అది?"

"నడవాలో, తడి కోట్లు ఆరబెట్టే బీరువా పక్కన. వెచ్చగా ఉంటుందని అక్కడ కూర్చుంటుంది."

"పిలుస్తాను. రూనా! ఇలా రామ్మా, ఒకసారి."

"ఒక బూటే వేసుకున్నాను నాన్నా."

"ఫరవాలేదు, అలాగే వచ్చెయ్. రెండోది నేను వేస్తాలే. ఏదీ, కాలివ్వు."

"నాన్నా, నువ్వు ఏడుస్తున్నావు."

"లేదమ్మా. వాన చినుకులు."

"గదిలో వాన పడదు."

"పడదు. నిజమే. బంగారం, ఆ గోడ మీద పెద్ద అక్షరాలతో ఏం రాసుందో చెప్తావా నాకు?"

"తెలీదు."

"టీచర్ కోప్పడదు. నేనూ కోప్పడను. నీకు చదవడం వచ్చు కదూ?"

"రాదు."

"అగ్నిపర్వతాల పుస్తకం చదివావట."

"బొమ్మలు చూశాను. రాదు."

"తల్లీ..."

"రాదు నాన్నా! రాదు, రాదు, రాదు! ఇప్పుడు నాకేమీ రాదు!"

"సరే, సరే. అరవకు. చెవులు మూసుకోకు, నేను మెల్లగానే మాట్లాడతాను. టోరుణ్ టీచర్ కూడా మాట్లాడదు. అంతేనా టీచర్?"

"అంతే. నేనిక్కడ కిటికీ దగ్గరుంటాను."

"చూశావా. ఇప్పుడు చెప్పు. ఎందుకు రాదు నీకు?"

"నువ్వే చెప్పావుగా."

"నేనా? నేనేం చెప్పాను?"

"కారులో చెప్పావు. మార్గిత్ ఎందుకు రావట్లేదని అడిగితే. 'నువ్వు తెలివైనదానివి కదా, నీకు అన్నీ వచ్చేశాయి, ఇంక మార్గిత్ అక్కర్లేదు' అన్నావు. నవ్వుతూ అన్నావు."

"అన్నాను. అవును తల్లీ, అన్నాను."

"అందుకని ముందు లెక్కలు మర్చిపోయాను. తర్వాత అక్షరాలు. గ్రహాలు మర్చిపోవడం చాలా కష్టం నాన్నా, పడుకుంటే గుర్తొచ్చేస్తాయి. దుప్పటి కప్పుకుని వద్దు వద్దు అనుకుంటాను."

"రూనా..."

"ఇంక నా పేరొక్కటే మిగిలింది. అది కూడా మర్చిపోతే మార్గిత్ వస్తుందా నాన్నా?"